తీరిక ఎక్కడి నుంచి వస్తుంది?



ఈ పూట మనం కాలం గురించి మాట్లాడుకుందాం. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మన చేతిలో ఉండే కాలం గురించి. "టైమ్ చాలడం లేదండీ" అన్న మాట రోజూ వింటూనే ఉంటాం. మనమూ అంటూనే ఉంటాం. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు అంటారు. ఇంట్లో ఉండేవాళ్లు అంటారు. పదో తరగతి పిల్లలు కూడా అంటారు.

చాలా ఇళ్లలో గోడకు ఒక టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది. పిల్లవాడు స్కేలు పెట్టి గీతలు గీసి, రంగు పెన్నులతో రాసుకున్నది. నాలుగున్నరకు లేవాలి. ఐదింటి నుంచి లెక్కలు. ఆరున్నర నుంచి సైన్సు. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది. వారం తిరిగేసరికి కాగితం గోడ మీదే ఉంటుంది, పిల్లవాడు దాని వంక చూడడు. పెద్దవాళ్ల సంగతీ అంతే. జనవరి ఒకటో తారీఖున మొదలుపెట్టిన డైరీ సంక్రాంతి దాకా నిండుతుంది. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగానే ఉంటాయి. మన పెద్దవాళ్లు దీన్నే ఆరంభశూరత్వం అన్నారు.

ఎందుకిలా జరుగుతుంది? బద్ధకం అని ఒక్క మాటతో తేల్చేస్తాం. నాకు మాత్రం అది సరైన జవాబుగా అనిపించదు. ఆ టైమ్‌టేబుల్‌లో ఏ గంటకు ఏ పని అన్నది రాసి ఉంది. ఆ పని ఎందుకోసం అన్నది రాసి లేదు. ఎవరి కోసం, దేని కోసం అన్నది లేదు. లోపలి నుంచి మనిషిని కదిలించేది ఆ 'ఎందుకోసమే'. దాన్నే ప్రేరణ అంటున్నాం. అది లేకుండా వేసుకున్న పట్టిక నిలవదు. అది ఉంటే, పట్టిక లేకపోయినా మనిషి ఎలాగో ఒకలా తీరిక చేసుకుంటాడు. ఇవాళ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. మధ్యలో మళ్లీ గుర్తు చేస్తాను.

ఇందుకు ఒక బడిపంతులు గారి జీవితం చెబుతాను, వినండి. ఆయన పేరు మీ అందరికీ తెలిసిందే. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి బళ్లో చదువుకున్నాం. నేను చెప్పబోయేది ఆయన చేసిన ఇంకో పని గురించి. అది ఏ వేళల్లో చేశారన్నది మీరు జాగ్రత్తగా గమనించండి.

1880లో రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అప్పటికి ఆయన ఇంకా ఇరవై ఏళ్లు నిండని కుర్రవాడు. తండ్రి చిన్నప్పుడే పోయారు. నెలకు ముప్ఫై రూపాయల జీతం. పగలంతా పిల్లలకు చరిత్ర పాఠాలు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ. పాసయ్యారు. ఆ తర్వాత బి.ఏ. కూడా పాసయ్యారు. దగ్గర్లోనే ముఖలింగం. అక్కడి గుడి గోడల మీద పాత శాసనాలున్నాయి. ఆ లిపి ఏమిటో తెలుసుకోవాలనిపించింది. పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నారు. ఇవన్నీ బడి అయ్యాక మిగిలిన వేళల్లోనే.

అసలు కథ ఇక్కడి నుంచి. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంది. చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లకొక భాష ఉంది. ఆ భాషలో అప్పటికి చదువు లేదు, పాఠ్యపుస్తకం లేదు. ఈ పిల్లలకు చదువు అందాలంటే వాళ్ల భాషలోనే అందాలని రామమూర్తి గారికి గట్టిగా అనిపించింది. అలా జరగాలంటే ముందు ఆ భాష తనకు రావాలి కదా! నేర్చుకుందామంటే పుస్తకం లేదాయె. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన దగ్గర ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. పగలు బళ్లో ఆయన పంతులు. ఇంటికి వస్తే ఆయనే విద్యార్థి. సెలవులొస్తే కొండల మీదికి ప్రయాణం.

ఆ అడవుల్లో తిరగడం వల్ల ఆయనకు మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్. ఆ క్వినైన్ వాడగా వాడగా ఆయన చెవుల మీద దెబ్బ పడింది. వినికిడి తగ్గిపోయింది. ఒక్కసారి ఆలోచించండి. రాతలో లేని భాష అది. చెవితో విని పట్టుకోవలసిన భాష. ఆ పనిలోనే చెవి పోయింది. అయినా పని ఆపలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. కథలు, పాటలు కూర్చారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేసి, బహుమానం ఇస్తామంది. నాకు వద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారాయన. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో వెలువడింది. ఆ తర్వాత నిఘంటువు వచ్చింది. లెక్క వేసుకుంటే ముప్ఫై ఏళ్ల పైచిలుకు శ్రమ. మధ్యలో వాడుక భాషా ఉద్యమం నడిపించారు. సభలు, వాదాలు, వ్యాసాలు, పత్రిక. వీటితో పాటు సంసారం.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆయనకు టైమ్ ఎవరిచ్చారు? ఆ పని చెయ్యమని పై అధికారి అడగలేదు. చేస్తే జీతం పెరగదు. చెయ్యకపోతే అడిగేవాడు లేడు. ఆయనకూ రోజుకు ఇరవై నాలుగు గంటలే. మనకంటే తక్కువ వెలుతురు, మనకంటే నిదానంగా నడిచే ప్రయాణాలు. అయినా తీరిక దొరికింది. కొండ మీది పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పాలన్న ఒక్క కోరిక ఆ తీరికను పుట్టించింది. అందుకే మళ్లీ చెబుతున్నాను. ఎందుకోసం అన్నది ముందు తేలితే, గంటలు తర్వాత దొరుకుతాయి.

బలమైన కారణం ఉన్నవాడికి ఇంకో మేలు కూడా జరుగుతుంది. ఏది వదిలెయ్యాలో తేలిగ్గా తెలుస్తుంది. రోజంతా మనల్ని పిలిచే పనులు పది ఉంటాయి. ఫోన్ పిలుస్తుంది, టీవీ పిలుస్తుంది, వీధి చివర స్నేహితుడు పిలుస్తాడు. ఏ పనీ ఎక్కువ కానివాడికి అన్నీ సమానమే. ఎవరు ముందు పిలిస్తే అటు వెళతాడు. ఒక పని మీద మనసు పడ్డవాడు అలా కాదు. "ఇవాళ రాలేను రా, ఏమనుకోకు" అని చెప్పగలుగుతాడు. ఆ మాట అనగలిగినవాడికి సాయంత్రం ఒక గంట మిగులుతుంది.

సరే, ప్రేరణ ముఖ్యమన్నాం. మరి ఆ ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? బయటి నుంచి ఇస్తే వస్తుందా? మార్కులొస్తే సెల్‌ఫోన్ కొనిపెడతాం అంటే పిల్లవాడు చదువుతాడా? చదువుతాడు. ఎంతకాలం అన్నదే ప్రశ్న.

ఈ విషయం మీద 1971లో అమెరికాలో ఒక ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. చేసినాయన ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. కాలేజీ విద్యార్థులకు కొన్ని ముక్కలిచ్చి, వాటితో రకరకాల ఆకారాలు పేర్చమన్నారు. ఆసక్తిగా ఉండే ఆట అది. ఒక దశలో కొంతమందికి, ఒక్కో ఆకారం పేర్చినందుకు ఒక్కో డాలర్ ఇచ్చారు. మిగిలిన వాళ్లకు ఏమీ ఇవ్వలేదు. మధ్యలో ఆయన గదిలోంచి బయటికి వెళ్లేవారు. "ఇప్పుడే వస్తాను, ఈలోగా మీకిష్టమైనది చెయ్యండి" అనేవారు. బల్ల మీద పత్రికలు కూడా ఉండేవి. ఆ ఎనిమిది నిమిషాలూ ఎవరేం చేస్తున్నారో బయటి నుంచి చూశారు.

డబ్బు ఇవ్వడం ఆపేశాక ఏమైంది? అంతకుముందు డబ్బు తీసుకున్నవాళ్లు, ఖాళీ దొరికినప్పుడు ఆ ఆట మీద మునుపటికంటే తక్కువ సేపు గడిపారు. డబ్బు మాటే లేనివాళ్లలో ఆసక్తి తగ్గలేదు. చూశారా, మనిషి మనసు దేని మీద ఉందో తెలుసుకోవడానికి ఆయన ప్రశ్నలేమీ అడగలేదు. ఖాళీగా వదిలేసిన ఎనిమిది నిమిషాల్లో ఏం చేస్తాడో చూశారు, అంతే.

జీతాలు వద్దనో, బహుమతులు తప్పనో నేను అనడం లేదు. కష్టానికి ఫలితం ఉండాలి. ఆశ చూపించి చేయించిన పని, ఆ ఆశ తీరిన రోజున ఆగిపోవచ్చు. అది గుర్తుంచుకుందాం అంటున్నాను.

ముఖ్యంగా తల్లిదండ్రులకు ఈ మాట చెప్పాలని ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లల్ని చూడండి. చాలామంది హాస్టల్లో ఉంటారు. తెల్లవారుజామున గంట కొడతారు, లేవాలి. మళ్లీ గంట కొడతారు, స్టడీ అవర్‌లో కూర్చోవాలి. తిండికి గంట, క్లాసుకు గంట, రాత్రి మళ్లీ స్టడీ అవర్. రెండేళ్ల పాటు పిల్లవాడి కాలం ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ తర్వాత ఇంజినీరింగులో చేరతాడు, లేదా డిగ్రీలో చేరతాడు. ఇప్పుడు గంట కొట్టేవాళ్లు లేరు. మొదటి సెమిస్టర్‌లోనే సబ్జెక్టులు తప్పుతాడు. "ఇంటర్‌లో అంత బాగా చదివాడే, వీడికి ఏమైంది?" అని ఇంట్లో బాధపడతారు.

ఆ పిల్లవాడికి కొత్తగా ఏమీ కాలేదు. కాలాన్ని వాడుకోవడం వాడికి ఎవరూ నేర్పలేదు. గంట కొడితే కూర్చోవడం మాత్రమే నేర్పారు. ఈ విషయంలో నాకు నిజంగా ఆవేదన ఉంది. పదహారేళ్ల పిల్లల చేతిలోంచి గడియారం మొత్తంగా లాగేసుకోవడం వాళ్లకు మేలు చెయ్యడం లేదు.

మరి ఏం చెయ్యాలి? పిల్లలతో మాట్లాడే తీరు కొంచెం మార్చుకుందాం. "చదువు, టైమ్ వేస్ట్ చెయ్యకు" అనే బదులు, "ఇవాళ ముందు ఏది పట్టుకుందామనుకుంటున్నావు నాన్నా?" అని అడగండి. ఏ సబ్జెక్టు ముందో వాణ్ని తేల్చుకోనివ్వండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పూర్తిగా వాడికి వదిలెయ్యండి. ఆ రెండు గంటలు ఎలా గడిపావని నిలదీయకండి. తన చేతిలో ఉన్న కాలాన్నే మనిషి జాగ్రత్త చేసుకుంటాడు. పరాయి చేతిలో ఉన్నదాన్ని జాగ్రత్త చెయ్యాలని ఎవరికీ అనిపించదు.

ఇంకో రకం పిల్లలున్నారు. వీళ్లను చూస్తే నాకు గౌరవం. హైదరాబాద్ చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పొద్దున్నే అక్కడికి వెళితే యువతీయువకులు పుస్తకాలు, టిఫిన్ బాక్సులు పట్టుకుని వస్తూ కనిపిస్తారు. గ్రూప్స్‌కి, రకరకాల ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు. వీళ్లకు ప్రేరణ లేదని ఎవరూ అనలేరు. ఊళ్లో అమ్మానాన్నల ఆశ వీళ్ల మీద ఉంది. అయితే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. పరీక్ష ఎప్పుడో తెలియదు. వాయిదా పడుతుందేమో తెలియదు. గమ్యం ఎంత దూరమో తెలియని నడకలో ఎంత గట్టివాడైనా అలిసిపోతాడు. అలాంటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే. పరీక్ష తేదీ మీ చేతిలో లేదు. ఈ శనివారం మీ చేతిలో ఉంది. ఈ శనివారానికి ఏ అధ్యాయం పూర్తి కావాలో మీరే పెట్టుకోండి. పక్కన కూర్చునే స్నేహితుడికి ఆ మాట చెప్పండి. పెద్ద ఆశ మిమ్మల్ని అక్కడిదాకా తీసుకొచ్చింది. అక్కడ రోజూ కూర్చోబెట్టేది ఈ చిన్న గడువులే.

ఇప్పుడు కొంచెం ఆగి, రెండో వైపు చూద్దాం. ప్రేరణ ఉంటే చాలా? చాలదు. ఒక్కోసారి ఆ ఉత్సాహమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది కూడా.

మనిషి ఉత్సాహంలో ఉన్నప్పుడు వేసే లెక్కలు ఎలా ఉంటాయో మనందరికీ అనుభవమే. ఇల్లు కట్టడం మొదలుపెడతాం. ఉగాది నాటికి అయిపోతుందంటాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేస్తాం, శుభలేఖలు పంచేస్తాం. ముహూర్తం రోజున ఒక గదిలో వ్రతం జరుగుతుంటుంది, పక్క గదిలో రంగుల డబ్బాలు, నిచ్చెన ఉంటాయి.

కెనడాలో ముగ్గురు పరిశోధకులు దీన్ని పరిశీలించి 1994లో ఫలితాలు అచ్చువేశారు. సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులను అడిగారు, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని. సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులు. ఆ బృందంలోని ఇద్దరు మరొకరితో కలిసి, మూడేళ్ల తర్వాత ఇంకో విషయం చూపించారు. ఆదాయపు పన్ను కాగితాలు దాఖలు చెయ్యడం గురించి అది. తిరిగి డబ్బు వస్తుందని ఆశ ఉన్నవాళ్లు, "నేను తొందరగానే దాఖలు చేసేస్తాను" అన్నారు. ఆ ఆశ లేనివాళ్లు అంత ముందు తేదీ చెప్పలేదు. తీరా చూస్తే, పని పూర్తి చేసిన వేళలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అంటే ఏమిటి? ఆశ వాళ్ల అంచనాను ముందుకు జరిపింది. పనిని ముందుకు జరపలేదు.

కాబట్టి ఉత్సాహంగా ఉన్నప్పుడు గడువు చెప్పకండి. చెప్పే ముందు ఒక్క నిమిషం, ఇలాంటి పని పోయినసారి చేసినప్పుడు ఎన్నాళ్లు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. ఈసారీ దాదాపు అంతే పడుతుంది.

కాలవ ఎంత చక్కగా తవ్వినా, పై నుంచి నీళ్లు వదలకపోతే చేను తడవదు. నీళ్లు ఎన్ని వదిలినా, గట్లు లేకపోతే దారిలోనే ఇంకిపోతాయి, చేనుదాకా రావు. ప్రేరణ నీళ్లయితే, వేళ, చోటు గట్లు. రెండూ ఉండాలి.

వేళ, చోటు అన్నాను. ఈ మాట దగ్గర కాసేపు ఉందాం. జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో పరిశోధకురాలితో కలిసి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళుతున్న విద్యార్థులకు ఒక చిన్న పని ఇచ్చారు. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఎలా గడిపారో, రెండు రోజుల్లోగా రాసి పంపాలి. అందరూ సరే అన్నారు. అందులో సగం మందిని మాత్రం ఇంకో ప్రశ్న అడిగారు. "ఏ వేళకు రాస్తారు? ఎక్కడ కూర్చుని రాస్తారు?" వాళ్లు అది ముందే రాసిచ్చి వెళ్లారు. పండగ సందడిలో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? వేళ, చోటు ముందే తేల్చుకున్నవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు రాసి పంపారు. తేల్చుకోనివాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరే పంపారు. చేద్దామన్న ఉద్దేశం అందరికీ ఉంది. తేడా ఆ ఒక్క ప్రశ్న తెచ్చింది.

ఇది మన పల్లెల్లో కొత్త విషయం కాదు. పాల కేంద్రానికి పాలు పోసే అక్కల్ని చూడండి. వేకువనే లేచి పాలు పితికి, క్యాన్ పట్టుకుని వెళతారు. సాయంత్రం మళ్లీ వెళతారు. వానొచ్చినా, ఒంట్లో బాగా లేకపోయినా ఆ వేళకు వెళ్లాల్సిందే. "ఇవాళ నాకు మనసు ఉందా, లేదా?" అని ఆ తల్లి ఆలోచించుకోదు. గేదె ఆగదు, కేంద్రం ఆగదు. వేళ కుదిరిన పనికి రోజూ కొత్తగా ప్రేరణ తెచ్చుకోవాల్సిన అవసరం పడదు. ఒకసారి బలంగా అనుకుని, వేళ కుదుర్చుకుంటే చాలు, మిగతా రోజులు ఆ వేళే నడిపిస్తుంది.

మరి వేళ కుదిరాక కూడా కొన్ని పనులు వాయిదా పడుతూనే ఉంటాయి. కూర్చుంటాం. పుస్తకం తెరుస్తాం. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. వాయిదా వేసే అలవాటు మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక మాట చెబుతున్నారు. మనం తప్పించుకునేది పని నుంచి కాదట. ఆ పని తలుచుకుంటే కలిగే ఇబ్బంది నుంచి. భయం, విసుగు, నావల్ల కాదేమో అన్న అనుమానం. నాకూ ఇది నిజమనిపిస్తుంది. అలాంటి రోజున మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, దానివల్ల ఆ పని ఇంకా భారమవుతుంది. పనిని చిన్నది చేసుకోండి. ఒక్క పేజీ. ఒక్క లెక్క. పది నిమిషాలు. ఆ వేళకు ఆ చోట కూర్చోవడం మాత్రం మానకండి.

ఇప్పుడు నెల్లూరు జిల్లాకు వెళదాం. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలు కూలికి వెళ్లి, సాయంత్రం వచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టి, రాత్రి పూట ఆడవాళ్లు పలక పట్టుకుని చదువుకోవడానికి వచ్చారు. ఒళ్లు హూనమయ్యే పని చేసి వచ్చినవాళ్లు. వాళ్లకంటే తీరిక లేనివాళ్లు ఎవరుంటారు? ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. ఒక ఊళ్లో ఆడవాళ్లంతా ఏకమై సారా దుకాణం మూయించిన కథ. అది చదివిన ఆడవాళ్లకు అందులో తమ ఇల్లే కనిపించింది. కూలి డబ్బు సారాకు పోతున్న ఇల్లు. దూబగుంటలో ఆడవాళ్లు కదిలారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లను ముందుండి నడిపించిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఆ తల్లులకు సమయపాలన గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అక్షరం తమ బతుకుకు పనికొస్తుందని వాళ్లకు తెలిసింది. అన్నాలయ్యాక మిగిలిన ఆ కాస్త వేళ వాళ్లదయింది. ఇంకో సంగతి గమనించారా? వాళ్లు ఒక్కొక్కరుగా రాలేదు, కలిసి వచ్చారు. ఒకరికి నీరసం వచ్చిన రోజున ఇంకొకరు తలుపు తట్టి పిలుస్తారు. ఒంటరిగా నిలవని ఉత్సాహం నలుగురిలో నిలుస్తుంది.

అయితే ఈ కథ చెప్పి ఆగిపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను. "చూశారా, మనసుంటే టైమ్ అదే దొరుకుతుంది, మీకు మనసు లేదు" అని ఆడవాళ్లను అనడానికి ఈ కథను వాడకూడదు. 2019లో మన దేశంలో జనం కాలాన్ని ఎలా గడుపుతున్నారన్నదాని మీద ప్రభుత్వం ఒక సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు దాదాపు ఐదు గంటలు ఆ పనికే వెచ్చించేవారు. ఇంటి పని చేసే మగవాళ్లు వెచ్చించింది గంటన్నర పైన కొద్ది నిమిషాలు. ఐదు గంటలకు, గంటన్నరకు ఉన్న తేడాను ప్రేరణ పూడ్చలేదు. పని పంచుకుంటేనే అది పూడుతుంది. ఇంట్లో ఒక మనిషికి చదువుకోవాలని ఉందనుకోండి. కుట్టు నేర్చుకోవాలనో, పాట నేర్చుకోవాలనో, పరీక్ష రాయాలనో ఉందనుకోండి. ఆ మనిషికి కావలసింది ప్రోత్సాహపు మాటలు కావు. సాయంత్రం గిన్నెలు కడిగేందుకు ఇంకో జత చేతులు కావాలి. అన్నయ్యలూ, నాన్నగార్లూ ఈ మాట తప్పకుండా వినాలి.

ఆగి, ఇంతవరకు అనుకున్నది ఒకసారి తలుచుకుందాం. పని ఎందుకోసమో ముందు తేలాలి. అది మన సొంత కారణం అయి ఉండాలి. దాన్ని ఒక వేళకు, ఒక చోటుకు కట్టుకోవాలి. ఉత్సాహంలో వేసిన లెక్కలను కాస్త అనుమానించాలి. తోడు వెతుక్కోవాలి. ఇంట్లో పని పంచుకోవాలి.

సమయపాలన మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించిన పరిశోధకులు, 2021లో ఒక విషయం తేల్చారు. కాలాన్ని సర్దుకోవడం వల్ల ఉద్యోగంలో, చదువులో కొంత మేలు జరుగుతుంది. అంతకంటే ఎక్కువగా, మనిషికి తన జీవితం పట్ల తృప్తి పెరుగుతుంది. నాకు ఇది చాలా నచ్చిన మాట. ఎక్కువ పనులు చెయ్యడం కోసమే గడియారం చూసుకోనక్కర్లేదు. ఇష్టమైన పనికి చోటు మిగుల్చుకోవడానికి చూసుకుంటే చాలు.

అందుకని మీకు నాదొక విన్నపం. ఈ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం తీసుకోండి. ఎన్నాళ్లుగానో చేద్దామనుకుంటూ తీరిక లేదని వదిలేసిన పని ఒక్కటి, ఒక్కటే, రాయండి. దాని కింద, అది ఎవరి కోసమో, దేని కోసమో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాకపోతే ఆ పనిని నిశ్చింతగా వదిలెయ్యండి. అది మీ పని కాదు. చెయ్యి వస్తే, రేపు ఏ వేళకు, ఇంట్లో ఏ మూల కూర్చుని దాన్ని మొదలుపెడతారో కూడా రాయండి. ఆ కాగితం ఇంట్లో ఒకరికి చూపించండి. "ఆ వేళకు నన్ను పిలవకండి, ఆ పని కాస్త మీరు చూసుకోండి" అని అడగండి. మొహమాటపడకండి. అలాగే మీ ఇంట్లో ఎవరైనా అలాంటి కాగితం తెచ్చి చూపిస్తే కాదనకండి. ఆ అరగంట వాళ్లకు ఇవ్వండి.